ప్రత్యేక సమయం

డాక్టరమ్మ సంతకం పెట్టలేదు.

డ్రైవింగు నేర్పేవాళ్ళు ఏడాదికోసారి ఒళ్ళు బాగుందని కాగితం తెచ్చి స్కూల్లో ఇవ్వాలి. తొమ్మిదేళ్ళుగా నేర్పుతున్న ఆమె ఆ కాగితాన్ని కూరగాయల సంచిలో పడేసుకుని వెళ్ళి, దారిలో ఒక సంతకమూ ఆపైన కిలో టమాటాలూ పుచ్చుకుని ఇంటికొచ్చేది. ఈసారి డాక్టరమ్మ కలం మూత తీసి, కాసేపు ఆలోచించి, మళ్ళీ పెట్టేసింది.

"బీపీ ఎక్కువగా ఉంది. షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఈసీజీ మటుకు బాగానే ఉంది కాబట్టి మూడు నెలలు గడువిస్తున్నా. అప్పటికీ ఇలాగే ఉంటే సంతకం పెట్టను."

"సంతకం లేకపోతే సీట్లో కూర్చోనివ్వరు మేడం."

"మీ జబ్బే ఆ సీటు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కూర్చునే ఉంటారు కదా? మాత్రలు రాస్తాను. దాంతోపాటు రోజుకో గంట నడవండి."

గంట అన్న మాటకి ఆమెకి నవ్వొచ్చింది. ఐదింటికి లేస్తే పాలు, నీళ్ళు, ఇద్దరు పిల్లల డబ్బాలు, అత్తగారి మోకాళ్ళకి వేడి కాపడం, ఏడున్నరకి మొదటి క్లాసు. ఆఖరి క్లాసు అయ్యేసరికి సాయంత్రం ఆరు. తరవాత వంటా, హోంవర్కులూ, రేపటి బట్టలూ. గంట ఎక్కడ దొరుకుతుంది?

"పిల్లలు లేవకముందు ఐదున్నర నుంచి ఆరుంబావు దాకా ఎలాగో మిగుల్చుకోగలను. రావడానికీ పోవడానికీ పోను అరగంట" అంది.

"అయితే నడక చాలదు. పరిగెత్తాలి. మొదట్లో కాసేపు పరుగు, ఎక్కువసేపు నడక. ఛాతీలో ఏమాత్రం తేడా అనిపించినా ఆగిపోయి నాకు ఫోన్ చెయ్యండి."

"నలభై రెండేళ్ళకి పరుగేంటి మేడం!"

"అరవయ్యేళ్ళవాళ్ళు డ్రైవింగుకొస్తే మీరేం చెప్తారు?"

వయసు లైసెన్సు మీద ఉంటుంది కానీ స్టీరింగు మీద ఉండదని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది ఆమే.

స్కూల్లో అందరూ ఆమెని బ్రేకు మేడం అంటారు. నేర్చుకునేవాళ్ళు కుడివైపు, ఆమె ఎడమవైపు. ఆమె కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి. మిగతా నేర్పేవాళ్ళు అరుస్తారు, నెత్తి బాదుకుంటారు. ఆమె మాత్రం కిటికీలోంచి వాతావరణం చూస్తున్నట్టే కూర్చుని, లారీకి మూడడుగుల దూరంలో బండిని నెమ్మదిగా ఆపేసి, "ఇప్పుడు అద్దంలో ఏం చూశావో చెప్పు" అని అడుగుతుంది.

*

సోమవారం ఐదున్నరకి ఆమె కొత్త బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే అత్తగారు మంచం మీంచి తల ఎత్తింది.

"పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు."

"పాల కోసం కాదత్తయ్యా. ఉద్యోగం కోసం."

"ఉద్యోగం వెనకాల పరిగెత్తడం విన్నాను గానీ, మరీ ఇలా బూట్లేసుకుని..." అని ముసలావిడ అటు తిరిగి పడుకుంది.

మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎనిమిదింటికి గానీ కదలడు. దుప్పట్లోంచే, "జనాన్ని నాలుగు మెట్లు కూడా ఎక్కనివ్వకుండా చూసే ఉద్యోగం నాది. పరుగు సంగతి నన్నడక్కు" అన్నాడు.

"నిన్ను అడగట్లేదు. ఆరింటికి లేచి గుడ్లు ఉడకెయ్యి. అది చెప్తున్నా."

దుప్పటి కదల్లేదు.

రెండు వీధుల అవతల మునిసిపాలిటీ మైదానం ఉంది. చుట్టూ నడుం ఎత్తు గోడ, దాని మీద ఇనుప చువ్వలు, లోపల ఎర్రమట్టి బాట. ఆ వేళకి ఓ పాతికమంది మగవాళ్ళు చేతులూపుకుంటూ నడుస్తున్నారు. ఆమె ఎడమ అంచుకి జరిగి పరుగు మొదలెట్టింది. వంద గజాలు పోకముందే డొక్కలో పోటు. ఊపిరి ఒక దారి, కాళ్ళు ఒక దారి. ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుంది. మొదటి గేరులో కదలాల్సిన బండిని మూడో గేరులో పెడితే ఏమవుతుందో ఆమెకి తెలియకనా? రోజుకి పదిసార్లు చూస్తుంది. ఈసారి మామూలు నడక కంటే కాస్త వేగంగా, అంతే, కదిలింది. ఇరవై అడుగులు పరుగు, అరవై అడుగులు నడక. అలా రెండు చుట్లు తిరిగింది. ఇంటికొచ్చేసరికి మొహం కందగడ్డలా ఎర్రబడింది. గుడ్లు ఎవరూ ఉడకెయ్యలేదు. పిల్లలు రొట్టెముక్కలూ జామూ పట్టుకుని బడికెళ్ళారు. ఆమె నిలబడి చెంబెడు నీళ్ళు తాగింది. కాళ్ళు వణుకుతున్నాయి. అయినా బావుంది.

మంగళవారం ఒక చుట్టు పూర్తికాకముందే ఎదురుగా ఒక పెద్దమనిషి చెయ్యెత్తి నిలబడ్డాడు. తెల్ల బనీను, మెడలో ఈల. నడక సంఘం సెక్రటరీ. ఏదో ఆఫీసులో పెద్ద హోదాలో పనిచేసి దిగినాయన.

"అమ్మా, ఆడవాళ్ళ టైము పదినుంచి పదకొండు. బోర్డు చూడలేదా?" మాటలో కోపం లేదు. దారితప్పినవాళ్ళకి దారి చెప్పినట్టే ఉంది.

"పదింటికి నేను పనిలో ఉంటాను సార్."

"అందుకు మేమేం చెయ్యగలం? నియమం అందరికీ ఒకటే."

ఆమె గేటు దాకా నడిచి బోర్డు చదివింది. ఆయనా వెంట వచ్చాడు. బోర్డులు చదవడం, చదివించడం ఆమె వృత్తి. ఒక్క మాట పొల్లుపోకుండా పైకి చదివింది. "స్త్రీలకు ప్రత్యేక సమయం, ఉదయం పది నుంచి పదకొండు."

"చూశావా మరి?"

"చూశాను సార్. ఆ గంట ఆడవాళ్ళకి ప్రత్యేకం. అంటే ఆ గంటలో మీరు రాకూడదు. మిగతా గంటల్లో మేం రాకూడదని ఇందులో ఎక్కడుంది?"

సెక్రటరీ బోర్డు వంక చూశాడు. పదేళ్ళుగా రోజూ దాని పక్కనుంచి వెళ్తున్నాడు గానీ దాన్ని అలా చదవాలని ఎప్పుడూ తట్టినట్టు లేదు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"సరే, ఈ పూటకి కానివ్వు" అన్నాడు సెక్రటరీ.

ఆమె ఆ పూట మూడు చుట్లు తిరిగింది.

*

బుధవారానికి బోర్డు మారిపోయింది. పాత అక్షరాల మీద తెల్లరంగు కొట్టి, దాని మీద ఎర్రరంగుతో రాశారు. "ఉదయం అయిదు నుంచి ఎనిమిది వరకు పురుషులకు మాత్రమే." 'మాత్రమే' దగ్గర రంగు కిందికి కారింది.

"నిన్న రాత్రే రాయించారమ్మా నాచేత. చెయ్యి నాదే గానీ మాట నాది కాదు" అన్నాడు వాచ్‌మన్, నేల చూపులు చూస్తూ.

"రాత బావుంది. కాస్త రంగు పల్చన చేసుంటే కారేది కాదు" అంది ఆమె.

గేటు మూసి ఉంది. ఆమె చేతి గడియారం చూసుకుంది. ఐదూ ముప్ఫై ఎనిమిది. ఇంటికెళ్ళి పడుకోవచ్చు. మునిసిపాలిటీ ఆఫీసుకెళ్ళి అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టుకుంటుంది కూడా. కానీ ఆఫీసు పదకొండింటికి తెరుస్తారు. ఈ ముప్ఫై నిమిషాలు పదకొండు దాకా ఆగవు. ఆమె వెనక్కి తిరిగి గోడ పక్కనున్న రోడ్డు వంక చూసింది. రోడ్డంటే తొమ్మిదేళ్ళుగా ఆమె ఇల్లు. ఎక్కడ గుంట ఉందో, ఏ మలుపులో బండి కనపడదో, పాల వ్యాను ఏ వేళకొస్తుందో ఆమెకి కంఠతా వచ్చు. వచ్చే బండి కనపడేలా ఎదురు అంచు పట్టుకుని, గోడ చుట్టూ పరుగు మొదలెట్టింది.

మైదానం చుట్టూ పదహారు దీపస్తంభాలు. ఒక స్తంభం దాకా పరుగు, రెండు స్తంభాలు నడక. లోపల మగవాళ్ళు అటు తిరుగుతుంటే బయట ఈమె ఇటు. చువ్వల మధ్య నుంచి ప్రతి చుట్టులో రెండుసార్లు ఎదురుపడుతున్నారు. మొదటిసారి కొందరు చూడనట్టు నడిచారు. రెండోసారి ఒకాయన నమస్కారం పెట్టబోయి, సెక్రటరీని చూసి, చేత్తో తల దువ్వుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో మొగుడు గిన్నె ముందు నిలబడి ఉన్నాడు. నాలుగు గుడ్లు, రెండు పగిలి తెల్లసొన బయటికొచ్చింది. "దీనికంటే లిఫ్టు తాడు మార్చడం తేలిక బాబూ" అన్నాడు. అత్తగారు మంచం మీంచే, "ఎన్ని చుట్లు తిరిగావేంటి?" అని అడిగింది.

*

పదింటికి పెద్దావిడ క్లాసు.

యాభై ఎనిమిదేళ్ళావిడ. నెలన్నరగా వస్తోంది. ఎల్లుండే పరీక్ష. రోజూ నడకబూట్లతో, భుజాన చిన్న తువ్వాలుతో, చేతిలో నీళ్ళసీసాతో వస్తుంది. క్లాసయ్యాక అద్దంలో చూసుకుంటూ నుదుటి మీదా మెడ మీదా నీళ్ళు చిలకరించుకుని, పైపైన తుడుచుకుని వెళ్తుంది. అదేమిటని బ్రేకు మేడం ఏనాడూ అడగలేదు. కారెక్కినవాళ్ళు ఏడుస్తారు, దేవుణ్ణి తలుచుకుంటారు, మొగుణ్ణి తిడతారు. అన్నీ ఆమె వింటుంది, ఏదీ బయటికి మొయ్యదు.

ఆ రోజు రివర్సు పార్కింగు. రెండు డ్రమ్ముల మధ్య బండి దూర్చాలి. పెద్దావిడ వెనక్కి తిరగబోతూ ఆమె కాళ్ళు చూసి, "ఏమ్మా, కాలు అదోలా పెడుతున్నావ్?" అంది.

"పరుగు మొదలెట్టానండీ. మైదానంలోకి పొద్దున్నే రానివ్వకపోతే గోడ బయట తిరిగాను. అదేదో సంఘం, సెక్రటరీ ఉన్నాడు. ఆడవాళ్ళకి పదింటికట. పనిచేసుకునేవాళ్ళెవరికి కుదురుతుంది చెప్పండి?"

బండి ఆగిపోయింది. ఆమె బ్రేకు తొక్కలేదు. పెద్దావిడే తొక్కింది.

"మెడలో ఈల ఉంటుందా ఆయనకి?"

"మీకు తెలుసా?"

"ముప్ఫై నాలుగేళ్ళుగా తెలుసు. మా ఆయన."

ఇంజను కూడా ఆగింది. పెద్దావిడ ముందరి డ్రమ్ము వైపు చూస్తూ చెప్పింది.

"ఆ పదింటి గంట నేనడిగిందే. మగవాళ్ళ మధ్య మొహమాటంగా ఉంటోంది, ఓ గంట మాకు విడిగా ఇప్పించండి అన్నాను. ఇప్పించారు. ఇప్పుడు నేను నడకకని చెప్పి ఆ గంటలోనే నీ దగ్గరికొస్తున్నా. ఆయనకి చీకటి పడితే చూపు సరిగా ఆనట్లేదు. మొన్న డివైడరు ఎక్కించారు. డాక్టరంటే వినరు. నేను నేర్చుకుంటానంటే, నేనుండగా నీకెందుకంటారు. నేను నేర్చుకోకపోతే ఏదో ఒకరోజు ఇద్దరం ఆస్పత్రిలో ఉంటాం." ఆవిడ నీళ్ళసీసా మూత బిగించింది. "నేనడిగిందాన్ని నీకు అడ్డంగా పెడతారని అనుకోలేదమ్మా."

"మీరేం చేశారండీ. గేరు వెయ్యండి. మళ్ళీ మొదటినుంచి."

ఆ సాయంత్రం చపాతీలు ఒత్తుతూ ఆమె మొదటిసారి నోరు జారింది. మొగుడు ఎగిరి గంతేశాడు. "ఇంకేం! మీ ఆవిడ పదింటికి ఎక్కడికెళ్తోందో తెలుసా సార్ అని ఒక్క మాట అను. గేటు దానంతటదే తెరుచుకుంటుంది."

ఆమె చపాతీ కర్ర పక్కన పెట్టింది. "నీకు చెప్పడమే తప్పు. నా కార్లో విన్నది నా కార్లోనే ఉండాలి."

"ఊరికే బెదిరించడానికే."

"ఆవిడకి ఎల్లుండి పరీక్ష. ఇంకోసారి ఆ మాట అన్నావంటే రేపట్నుంచి గుడ్లతోపాటు రొట్టెలూ నువ్వే కాల్చాలి."

మొగుడు ఇంకోసారి అనలేదు.

*

గురువారం ఆమె రెండో చుట్టులో ఉండగా వెనక చెప్పుల చప్పుడైంది. ఎదురు అపార్ట్‌మెంటులో ఉండే నర్సు. "నిన్న బాల్కనీలోంచి చూశానక్కా. ఎవరో తరుముతున్నారేమో అనుకున్నా. ఎవరూ లేరు, నువ్వే పరిగెడుతున్నావ్!" అని ఆయాసపడుతూ నవ్వింది. నర్సు వెంట బడి టీచరు. ఆమె ఇద్దర్నీ ఆపి, "చెప్పులతో వద్దు, రేపు బూట్లేసుకు రండి. ఇవాళ స్తంభం దాకానే. మాట్లాడుకుంటూ పరిగెత్తలేకపోతే వేగం ఎక్కువైనట్టు" అని చెప్పింది. నేర్పడం మొదలెట్టాక ఆమెకి తన డొక్కలో పోటు గుర్తే రాలేదు.

శుక్రవారానికి ఆరుగురయ్యారు. లోపలివాళ్ళ నడక నెమ్మదించింది. చువ్వల దగ్గరికి రాగానే మాటలు ఆగిపోతున్నాయి. నర్సు ఒకాయన్ని చూసి, "బాబాయ్, బీపీ మాత్ర వేసుకున్నారా?" అని కేకేసింది. "వేసుకున్నానమ్మా" అని ఆయన లోపల్నుంచి జవాబిచ్చాడు. ఒకావిడ చువ్వల్లోంచి మొగుడికి ఇంటి తాళంచెవి అందించింది. సెక్రటరీ ఈల నోట్లో పెట్టుకుని, ఎవరి మీద ఊదాలో తోచక తీసేశాడు. రోడ్డు సంఘానిది కాదు.

ఆ రోజే పరీక్ష. పెద్దావిడ ఎనిమిది అంకె తిప్పింది, గట్టు మీద బండి వెనక్కి జారకుండా నిలబెట్టింది, రివర్సులో రెండు కర్రల మధ్య దూర్చింది. లోపల బ్రేకు మేడం లేదు, పరీక్ష అధికారి ఉన్నాడు. ఆమె కంచె అవతల నిలబడి చూసింది. కాగితం చేతికొచ్చాక పెద్దావిడ దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, రవికలో పెట్టుకుంది. ఆ రోజు నుదుటి మీద నీళ్ళు చిలకరించుకోలేదు. చెమట నిజంగానే పట్టింది.

"రేపు పదింటికి క్లాసు లేదు కదా. ఎక్కడికెళ్తారు మరి?" అని నవ్వుతూ అడిగింది ఆమె.

"చూద్దాంలే" అంది పెద్దావిడ.

*

శనివారం తెల్లారేసరికి గోడ బయట తొమ్మిదిమంది. బ్రేకు మేడం ముందు, మిగతావాళ్ళు వెనక, ఒకే వరసలో, రోడ్డు అంచున. ఆ పూట ఆమె మూడు స్తంభాలు పరిగెత్తి ఒకటి నడుస్తోంది. ఊపిరీ కాళ్ళూ ఎప్పుడు కలిశాయో గానీ, కలిశాయి.

ఐదూ యాభైకి మలుపులోంచి ఒక లేత నీలం కారు వచ్చింది. నెమ్మదిగా, ఇండికేటరు వేసుకుని. గేటు పక్కన ఒక వ్యానుకీ ఒక ఆటోకీ మధ్య కారు పట్టేంత జాగానే ఉంది. కారు ముందుకెళ్ళి ఆగింది. రివర్సు లైటు వెలిగింది.

బ్రేకు మేడం పరుగాపి చూసింది. రోడ్డు మీద నిలబడ్డ ఆమె కుడికాలు దానంతటదే నేలని నొక్కింది. అవసరం లేకపోయింది. కారు ఒక్క తడవలో, ఆటోకి జానెడు ఎడంగా, అంచుకి సమంగా వచ్చి ఆగింది. లోపల నడుస్తున్నవాళ్ళంతా గేటు దగ్గరికొచ్చేశారు. అందరికంటే ముందు సెక్రటరీ. అది ఆయన కారు.

స్టీరింగు వైపు తలుపు తెరుచుకుని పెద్దావిడ దిగింది. వెనక సీట్లోంచి పక్కింటావిడా, ఆవిడ కోడలూ దిగారు.

"నువ్వా? కారెవరు నడిపారు?" అన్నాడు సెక్రటరీ.

"వాళ్ళిద్దరూ వెనక కూర్చున్నారు. మిగిలింది నేనే కదండీ."

"ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"నెలన్నరైంది. పదినుంచి పదకొండు దాకా. మీరిప్పించిన ప్రత్యేక సమయంలోనే నేర్చుకున్నా."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. సెక్రటరీ భార్య వంకా, కారు వంకా, మళ్ళీ భార్య వంకా చూశాడు. కోపం వస్తున్నట్టే కనిపించింది గానీ, మధ్యలో దారి తప్పింది. ఆయన చెయ్యి చువ్వ పట్టుకుంది. "నాకు చెప్పలేదే" అన్నాడు, చిన్న గొంతుతో.

"చెప్తే వద్దనేవారు. వద్దన్నాక నేర్చుకుంటే మీ మాట కాదన్నట్టుండేది." పెద్దావిడ దగ్గరికెళ్ళింది. గొంతు తగ్గించింది గానీ, అందరూ అంత నిశ్శబ్దంగా ఉంటే వినపడకుండా ఎలా ఉంటుంది? "సోమవారం పదింటికి కళ్ళ డాక్టరు దగ్గర మీకు టైము తీసుకున్నా. నేనే తీసుకెళ్తా. ఇంక నా నడక పొద్దున్నే కావాలి. ఆ గంట కూడా ఇవ్వమన్నాను గానీ, ఆ గంటే ఇవ్వమని నేనెప్పుడన్నానండీ?"

సెక్రటరీ కళ్ళజోడు తీసి బనీను అంచుతో తుడుచుకుని, పెట్టుకుని, బోర్డు వంక చూశాడు. కారిన ఎర్రరంగు గట్టిపడిపోయింది. తరవాత వాచ్‌మన్‌కి తల ఊపాడు. వాచ్‌మన్ ఎప్పుడు లేచాడో, అప్పటికే గొళ్ళెం మీద చెయ్యేసి ఉన్నాడు. రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

గేటు రెక్కని సెక్రటరీ స్వయంగా పట్టుకుని, రోడ్డు మీద ఉన్న బ్రేకు మేడం వైపు తిరిగాడు. "రండమ్మా. అందరూ లోపలికి రండి."

మిగతావాళ్ళంతా ఆమె మొహం చూశారు. ఆమె నిలబడ్డచోటే కాళ్ళు ఆడిస్తోంది, ఒళ్ళు చల్లబడకుండా. గడియారం చూసుకుంది.

"ఇంకా రెండు రౌండ్లున్నాయి సార్. మొదలెట్టినచోటే పూర్తిచేస్తాం."

అని వెనక్కి చూడకుండా కదిలింది. వెనక నర్సు, టీచరు, ఒకరి తరవాత ఒకరు. పెద్దావిడ కారు తాళంచెవి మొగుడి చేతిలో పెట్టి, తువ్వాలు నడుముకి చుట్టుకుని వరస చివర్లో చేరింది. ఆవిడది నడకే, అయినా గట్టి నడక. చువ్వల అవతల మగవాళ్ళు కూడా మళ్ళీ నడక మొదలెట్టారు, ఈసారి వీళ్ళు వెళ్ళే దిక్కుకే.

రెండో రౌండు పూర్తయ్యేసరికి ఆరూ ఏడు. సెక్రటరీ ఇంకా గేటు పట్టుకునే ఉన్నాడు. ఆమె వేగం తగ్గించకుండానే ఆయన్ని దాటింది.

"టైమైపోయింది సార్, పిల్లల్ని లేపాలి. రేపు ఐదూ నలభైకి లోపలికే వస్తాం."

ఆయన ఏదో అన్నాడు. అప్పటికే ఆమె ఇంటివైపు మలుపు తిరిగింది.